ఒకే చేతిలో కలం, కుంచె: అడివి బాపిరాజు జీవితం

ఈ పాఠం గురించి

ఇది ఒక జీవిత చరిత్ర. పాఠం కొంచెం పొడవైనది. ఒకే రోజు పూర్తి చేయాలన్న నియమం లేదు. మధ్యలో కొన్నిచోట్ల ఆగమని మేమే చెబుతాం. అక్కడ పుస్తకం మూసి, అంతవరకు చదివినదాన్ని మీ మాటల్లో చెప్పుకోండి. ఇంట్లో వినేవారు ఉంటే వారికే చెప్పండి. పరీక్షకు బట్టీ పట్టడం కంటే ఇది మేలైన పద్ధతి.

రాయడమా, వేయడమా?

పుదుచ్చేరి పట్టణంలోని కదిర్కామంలో ఒక ఆదివారం సంపర్క తరగతికి వెళ్లాను. వచ్చినవారిలో ఎక్కువమంది యానాం నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఉద్యోగాల కోసం వచ్చి అక్కడ స్థిరపడిన కుటుంబాలవారు. యానాం పుదుచ్చేరి పాలనలోదే అయినా రెండింటి మధ్య ఎనిమిది వందల కిలోమీటర్ల దూరం ఉంది. ఇంటి భాష దూరమవుతోందనే బెంగతో తెలుగు పరీక్షకు కూర్చున్నవారు కూడా వారిలో ఉన్నారు. ఒకాయన దుకాణాలకు బోర్డులు రాస్తారు. తమిళం, తెలుగు, ఇంగ్లీషు అక్షరాలు ఏవైనా కుంచెతో రాయగలరు. పాఠం ముగిశాక ఆయన నన్నొక ప్రశ్న అడిగారు. బోర్డు మీద అక్షరాలు పెడితే రాశాడంటారు, పక్కనే లక్ష్మీదేవి బొమ్మ పెడితే వేశాడంటారు. కుంచె ఒకటే, రంగుడబ్బా ఒకటే, చేయీ ఒకటే. మరి తాను చేసేది రాతపనా, బొమ్మపనా? ఇదీ ఆయన ప్రశ్న.

ఆ రోజు నేనేదో సమాధానం చెప్పి బస్సెక్కాను. ఆ సమాధానం ఆయనకు తృప్తి కలిగించలేదని ముఖం చూస్తే తెలిసింది. నాకూ కలిగించలేదు.

ప్రశ్న చిన్నదేమీ కాదు. పాత తెలుగులో వ్రాయు అనే క్రియ అక్షరాలకూ, బొమ్మలకూ రెండింటికీ వాడేవారు. చిత్తరువు వ్రాయడం అంటే బొమ్మ వేయడమే. సంస్కృతంలో లిఖించడం, లేఖనం అనే మాటలూ అంతే. చిత్రలేఖనం అనే మాటను మీరు ఇప్పటికీ వింటూనే ఉన్నారు. అంటే ఒకప్పుడు మన భాష ఈ రెండు పనులనూ విడదీయలేదు. విడిపోయింది తరువాతే.

కుంచెతో రాసే దేశం

ఈ రెండు పనులనూ విడదీయని దేశాల్లో చైనా ముందు చెప్పుకోదగినది. అక్కడ పూర్వం నుంచీ రాసే సాధనమే కుంచె. సిరా కడ్డీని రాతి పలక మీద కొంచెం నీటితో అరగదీసి, అందులో కుంచె ముంచి రాస్తారు. కుంచె, సిరా, కాగితం, రాతి పలక - ఈ నాలుగింటినీ కలిపి చదువుకునే గదికి నాలుగు నిధులని పేరు పెట్టుకున్నారు. చిత్రకారులు వాడే మంచి కాగితం సిరాను వెంటనే పీల్చుకుంటుంది. పడిన గీతను మళ్లీ దిద్దడం కుదరదు. చేయి తడబడితే ఆ తడబాటు కాగితం మీద అలాగే ఉండిపోతుంది. అందువల్ల అక్కడ దస్తూరి గొప్ప కళ అయింది. అదే కుంచెతో, అదే సిరాతో వెదురు ఆకునూ, కొండనూ వేసేవారు. బొమ్మ పక్కన పద్యం రాసేవారు. కవిత్వం, దస్తూరి, చిత్రం మూడూ తెలిసినవాడినే పూర్తిగా చదువుకున్నవాడిగా గౌరవించేవారు. పదకొండో శతాబ్దానికి చెందిన సూ షీ ఇటువంటివాడు. ఆయన కవి, ప్రభుత్వాధికారి, చక్కని దస్తూరి గలవాడు, వెదురు బొమ్మలు వేసేవాడు.

మనకు దగ్గరి కాలంలో వూ చాంగ్‌షువో అనే ఆయన ఉన్నారు. 1844లో పుట్టి 1927లో షాంఘైలో మరణించారు. చిన్న వయసులోనే అంతర్యుద్ధంలో కుటుంబంలో ఎక్కువమందిని పోగొట్టుకుని ఊళ్లు పట్టుకు తిరిగారు. రెండు వేల ఏళ్లకు పైబడిన రాతి శాసనాల అక్షరాలను దశాబ్దాల తరబడి సాధన చేశారు. ముద్రలు చెక్కారు. బొమ్మలు వేయడం శ్రద్ధగా మొదలుపెట్టింది ముప్పై ఏళ్లు దాటిన తరువాతే. శాసనాల అక్షరాలతో అలవాటైన ఆ బరువైన గీతతోనే పూలతీగలు వేశారు. 1899లో ఒక చిన్న జిల్లాకు అధికారిగా వెళ్లి, నెల రోజులకే ఆ ఉద్యోగం వదిలేశారు. తరువాత తాను నెల రోజుల అధికారినని ముద్ర చెక్కించుకుని, దాన్ని తన బొమ్మల మీద వేసుకునేవారు. ఉద్యోగం పోయిందని దాచుకోకపోగా ముద్ర వేసి మరీ చాటుకున్న మనిషి ఆయన.

మన దగ్గర సాధనాలు వేరు. తాటాకు మీద ఇనుప ఘంటంతో రాసేవారు. ఘంటం ఆకును గీస్తుంది. ఆ గీతలో మసి నింపితేనే అక్షరం కనబడుతుంది. ఘంటంతో రంగు వేయలేరు, కుంచెతో తాటాకు మీద గీయలేరు. అందుకే లేఖకుడు ఒక దారిన, చిత్రకారుడు ఒక దారిన వెళ్లిపోయారు. శ్రీకాళహస్తి కలంకారీలో మాత్రం ఇద్దరూ కలిసే ఉన్నారు. అక్కడ వెదురు కలంతో రామాయణ ఘట్టాల బొమ్మలు వేస్తారు, అదే కలంతో వాటి దగ్గరే తెలుగు అక్షరాలూ రాస్తారు. అయితే ఆ పనివారిని చాలాకాలం పండితులుగా ఎవరూ లెక్కించలేదు. ఇది మన సమాజపు లోపమని నా అభిప్రాయం.

చదువుకున్నవాడు, కావ్యాలు తెలిసినవాడు, చట్టం చదివినవాడు కుంచె పట్టుకుని కూర్చోవడం ఇరవయ్యో శతాబ్దం మొదటి రోజుల్లో తెలుగు ఇళ్లలో వింతగానే ఉండేది. ఆ వింత పని చేసినవారు అడివి బాపిరాజు.

ఇక్కడ కాసేపు ఆగండి. చైనాలో రాతా, చిత్రమూ కలిసి ఉండడానికి, మన దగ్గర విడిపోవడానికి సాధనాలు ఎలా కారణమయ్యాయో రెండు మూడు వాక్యాల్లో చెప్పుకోండి.

భీమవరం నుంచి రాజమహేంద్రవరం

బాపిరాజు 1895వ సంవత్సరం అక్టోబరు 8వ తేదీన భీమవరం ప్రాంతంలో జన్మించారు. అది ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా. ఈ పేరు వినగానే కొందరు బొమ్మల బాపును గుర్తు చేసుకుంటారు. ఇద్దరూ వేరు. బాపు 1933లో పుట్టి 2014లో మరణించారు. ఆయనదీ గోదావరి ప్రాంతమే. ఆయన చేతిరాత అచ్చు అక్షరాలుగా మారి పుస్తకాల అట్టల మీదికీ, పెళ్లి శుభలేఖల మీదికీ వచ్చింది. మన పాఠంలోని బాపిరాజు ఆయనకంటే రెండు తరాల ముందువారు. స్నేహితులు ఈయనను బాపిబావ అని పిలుచుకునేవారు. బంధుత్వం లేనివారు కూడా బావా అనే పిలిచారంటే మనిషి ఎటువంటివారో మీరే ఊహించుకోవచ్చు.

భీమవరంలో చదువు ముగించుకుని రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలలో చేరారు. అప్పుడు ఆ కళాశాలకు ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు. 1909 నుంచి 1919 వరకు ఆయన అక్కడ ఉన్నారు. కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, రచయిత. గోదావరి ఒడ్డు, కొబ్బరితోటలు, ఊరి మనుషులు ఆయనకు ఎంతో నచ్చాయి. తరువాత ఇంగ్లండు వెళ్లి దక్షిణ భారతంలో తాను గడిపిన రోజుల గురించి ఒక పుస్తకం కూడా రాశారు. ఆయన తన శిష్యులను తరగతి గదికే పరిమితం చేయలేదు. బొమ్మలు వేసే చేతులను, పాటలు రాసే చేతులను గుర్తుపట్టి చేరదీశారు. అజంతా గుహలు చూపించడానికి విద్యార్థులను వెంటబెట్టుకు వెళ్లారు. అజంతా గోడల మీద వందల ఏళ్ల కిందటి మనుషుల ముఖాలు, చేతివేళ్లు, నగలు, పూలు ఉన్నాయి. గోడ మీద వేసిన ఇటువంటి చిత్రాన్ని కుడ్యచిత్రం అంటారు. ఈ మాట గుర్తుంచుకోండి, పాఠం చివర మళ్లీ వస్తుంది.

కూల్డ్రే శిష్యుల్లో ముగ్గురి పేర్లు కలిపి చెబుతారు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు. రామారావు చిత్రకారుడు, వెంకటరావు కవి. బాపిరాజు రెండూను. రామారావును కూల్డ్రే బొంబాయి జె.జె. కళాశాలకు పంపించి చిత్రకళ చదివించారు. ఆయన తిరిగి వచ్చి రాజమహేంద్రవరంలో చిత్రకళాశాల ప్రారంభించారు. కాని 1925లో, ఇంకా 28 ఏళ్లు నిండకుండానే, మసూచి వ్యాధితో మరణించారు. అంత తక్కువ కాలంలోనూ ఆయన కుంచె ఒక్కటే పట్టుకున్నారు, అందువల్ల ఆయన పేరు చిత్రకారుడిగానే నిలిచింది. ఆయన చిత్రాలు ఆయన పేరనే ఉన్న రాజమహేంద్రవరం చిత్రశాలలో నేటికీ ఉన్నాయి. బాపిరాజుకు దొరికిన ఆయుష్షు దానికి రెండింతలు. ఆ ఆయుష్షు ఎన్ని దారుల్లో నడిచిందో ఇక చూడండి.

ప్లీడరు, ఖైదీ, విద్యార్థి

పట్టభద్రులైన తరువాత బాపిరాజు మద్రాసులో న్యాయశాస్త్రం చదివి బి.ఎల్. పట్టా పొందారు. ఆ రోజుల్లో చదువుకున్న కుర్రవాడికి ప్లీడరు వృత్తికి మించిన గౌరవం లేదు. కొంతకాలం ప్లీడరీ చేశారు కూడా. అది ఆయనను పట్టి ఉంచలేకపోయింది. వూ చాంగ్‌షువో అధికారం నెల రోజులని చదివారు కదా, మన బాపిరాజు నల్లకోటు అంతకంటే కొంచెం ఎక్కువ రోజులు నిలిచింది, అంతే.

గాంధీజీ సహాయ నిరాకరణోద్యమం దేశమంతా సాగుతున్న రోజులవి. బాపిరాజు అందులో పాల్గొని 1922లో ఒక ఏడాది జైలు శిక్ష అనుభవించారు. ఆ అనుభవాలు తరువాత ఆయన రచనల్లో చేరాయి.

ఆయన జీవితంలో అన్నిటికంటె ముఖ్యమైన మలుపు మచిలీపట్నంలో వచ్చింది. మచిలీపట్నాన్నే బందరు అంటారు. అక్కడ 1910లో కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. ప్రభుత్వ చదువుకు బదులుగా దేశీయమైన చదువు చెప్పాలని, చేతిపనులూ కళలూ అందులో భాగం కావాలని వారి ఉద్దేశం. చిత్రకళ నేర్పడానికి బెంగాలు నుంచి ప్రమోదకుమార చటోపాధ్యాయను రప్పించారు. పట్టా చేత ఉన్న బాపిరాజు మళ్లీ విద్యార్థి అయి ఆయన దగ్గర కూర్చున్నారు. మీలో చాలామంది పెద్దవయసులో మళ్లీ పుస్తకం పట్టుకున్నవారే. కాబట్టి ఆ కూర్చోవడంలోని ఇబ్బంది గురించి నేను మీకు వివరించనక్కరలేదు.

కుంచె చేసిన ప్రయాణం

ప్రమోదకుమార బందరుకు తెచ్చిన పద్ధతి వెనుక ఒక కథ ఉంది. మొదట మనం చైనా గురించి ఎందుకు చదివామో ఇక్కడ తెలుస్తుంది.

చైనా కుంచెను, సిరాను, దానితో పాటు కవీ చిత్రకారుడూ ఒకరే అన్న భావాన్ని జపాను వారు వందల ఏళ్ల కిందటే స్వీకరించారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జపాను పండితుడు ఒకాకురా కలకత్తా వచ్చి ఠాగూరు కుటుంబంతో స్నేహం చేశారు. ఆయన ప్రోత్సాహంతో 1903లో ఇద్దరు జపాను చిత్రకారులు, యొకొయామా తైకాన్, హిషిదా షున్సో, కలకత్తా వచ్చారు. రవీంద్రనాథునికి వరుసకు అన్న కుమారుడైన అవనీంద్రనాథ ఠాగూరు వారి పని దగ్గర కూర్చుని చూశారు. తడి కుంచెతో రంగును కాగితం మీద మెల్లగా పరుస్తున్న తీరు ఆయనను ఆకట్టుకుంది. దాన్ని తన పద్ధతిలో మార్చుకున్నారు. నీటిరంగులతో బొమ్మ వేసి, ఆరిన తరువాత కాగితాన్ని మొత్తంగా నీటిలో ముంచడం, మళ్లీ ఆరబెట్టడం, మళ్లీ రంగు వేయడం, మళ్లీ ముంచడం. ఇలా ఎన్నోసార్లు చేస్తే పైపై రంగు కడుక్కుపోయి, మిగిలినది కాగితంలోకి ఇంకిపోతుంది. బొమ్మ మంచుతెర వెనుక ఉన్నట్టు కనిపిస్తుంది. దీనినే వాష్ పద్ధతి అన్నారు.

తెల్లారి మంచులో గోదావరి లంకలను చూసినవారికి ఈ రంగు కొత్త కాదు.

కుంచె చైనాలో పుట్టి, జపాను మీదుగా కలకత్తా చేరి, అక్కడ రూపం మార్చుకుని బందరు వచ్చింది. ఈ ప్రయాణంలో ఒక సంగతి గమనించండి. రంగు పద్ధతితో పాటు ఒక అలవాటు కూడా వచ్చింది. అవనీంద్రనాథుడు బొమ్మలు వేయడమే కాదు, పిల్లల కోసం మంచి వచనం రాశారు. రవీంద్రనాథుడు అరవై ఏళ్లు దాటాక, చేతిరాతలోని కొట్టివేతలను బొమ్మలుగా మారుస్తూ చిత్రకారుడయ్యారు. రాసేవాడు వేయకూడదనీ, వేసేవాడు రాయకూడదనీ వారు అనుకోలేదు. బాపిరాజు ఈ వాతావరణంలోకి వచ్చారు. 

తరువాత 1934 నుంచి 1939 వరకు ఆ జాతీయ కళాశాలకే ఆయన ప్రిన్సిపాలుగా పనిచేశారు.

ఇక్కడ మరొకసారి ఆగండి. వాష్ పద్ధతిలో బొమ్మ ఎలా తయారవుతుందో, ఆ పని ఎన్నడూ చూడని మనిషికి చెబుతున్నట్టు చెప్పండి.

చిత్రకారుడు రాసిన నవలలు

1934వ సంవత్సరంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం, నవలల పోటీ నిర్వహించింది. పోటీకి వచ్చినవాటిలో రెండు గట్టివని తేలాయి. ఒకటి విశ్వనాథ సత్యనారాయణ రాసిన వేయిపడగలు. రెండవది బాపిరాజు రాసిన నారాయణరావు. ఒకదానికి ఇచ్చి ఒకదాన్ని కాదనలేక, బహుమతిని ఇద్దరికీ పంచారు. విశ్వనాథ, బాపిరాజు పోటీదారులు మాత్రమే కారు, స్నేహితులు. విశ్వనాథ రాసిన కిన్నెరసాని పాటలకు బొమ్మలు వేసింది బాపిరాజే.

నారాయణరావు నవలలో కథానాయకుడు కోనసీమలోని కలిగిన రైతు కుటుంబంలో పుట్టి, న్యాయశాస్త్రం చదువుతాడు. ఒక జమీందారు అతణ్ణి మెచ్చి తన కుమార్తె శారదను ఇచ్చి పెళ్లి చేస్తాడు. జమీందారీ గర్వానికీ రైతు కుటుంబపు ఆత్మగౌరవానికీ మధ్య ఆ దంపతులు ఎలా దగ్గరయ్యారన్నది కథ. రాట్నం, జాతీయోద్యమం, సంగీతం, చిత్రకళ అన్నీ అందులో ఉన్నాయి. రచయిత నడిచిన దారులన్నీ ఆ నవల గుండా పోతాయని చెప్పవచ్చు.

చారిత్రక నవలల్లో ఆయన చిత్రకారుడని మరింత స్పష్టంగా తెలుస్తుంది. హిమబిందు శాతవాహనుల కాలపు కథ. ధాన్యకటకం, అంటే ఇప్పటి అమరావతి దగ్గరి ప్రాంతం, అందులో ప్రధాన రంగం. కథానాయకుడు సువర్ణశ్రీ శిల్పి. నాయకుడు రాజో సేనాపతో కావాలన్న నియమాన్ని ఆయన పాటించలేదు, ఉలి పట్టినవాణ్ణి నిలబెట్టారు. గోన గన్నారెడ్డి కాకతీయ రుద్రమదేవి కాలానిది. ఈ పేరు మీకు 2015లో వచ్చిన రుద్రమదేవి సినిమా వల్ల తెలిసి ఉండవచ్చు. అడవి శాంతిశ్రీ ఇక్ష్వాకుల కాలపు విజయపురి కథ. ఈ పేరు చూసి రచయిత తన ఇంటిపేరే నాయికకు పెట్టారని కొందరు అనుకుంటారు. నిజానికి ఆ పేరు గల ఇక్ష్వాకు రాకుమారి నాగార్జునకొండ శాసనాల్లో ఉంది. శాసనంలో తన ఇంటిపేరు కనిపించినప్పుడు బాపిరాజుకు కలిగిన ముచ్చటను మాత్రం మనం ఊహించుకోవచ్చు. ఆ నాగార్జునకొండ లోయ ఆయన మరణానంతరం నాగార్జునసాగరం నీటిలో మునిగింది. ఆయన రాసేనాటికి అది ఇంకా నేల మీదే ఉంది.

మీరు ఈ నవలల్లో దేనినైనా చదవబోతే ఒక మాట చెప్పాలి. కథ చాలాచోట్ల ఆగిపోతుంది. ఒక స్త్రీ గుమ్మం దాటి లోపలికి రావడానికి ముందు ఆమె కట్టుకున్న చీర, జడలోని పూలు, చేతి కడియాలు, గుమ్మం మీది చెక్కడం, వెనుక నుంచి పడుతున్న వెలుగు అన్నీ చెబుతారు. కథ కోసం తొందరపడేవారికి విసుగు కలుగుతుంది. నాకు మొదటిసారి చదివినప్పుడు కలిగింది. అజంతా చిత్రాలనూ, అమరావతి శిల్పాలనూ ఫొటోల్లోనైనా చూసిన తరువాత మళ్లీ చదివితే, ఆ నగలు, ఆ జడలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిసింది. అది వర్ణన కాదు, బొమ్మ వేయడమే. రంగులు లేనిచోట మాటలతో వేశారు. ఆయన నాయకులు మరీ ఉత్తములుగా ఉంటారన్న విమర్శ కూడా ఉంది. అది నిజమే. అజంతా గోడ మీది బోధిసత్వుడికి మచ్చలు ఉండవు కదా.

నవలలే కాక కథలు, పాటలు రాశారు. హంపీ శిథిలాలు, తిరుపతి కొండ మెట్లు వంటి కథలు పేరు పొందాయి. శశికళ అనే ఊహాసుందరిని సంబోధిస్తూ రాసిన గీతాలు భావకవిత్వ కాలంలో యువకుల నోట ఆడాయి. ఆ గీతాలను ఆయన స్వయంగా పాడి వినిపించేవారు. తాను రాసినవే కాదు, తోటి కవుల పాటలు కూడా పాడేవారు. తన పాటతో పాటు పక్కవాడి పాటను కూడా పాడి మెప్పించే కవులు ఏ కాలంలోనూ ఎక్కువ ఉండరు.

సినిమా, పత్రిక

1930లలో తెలుగు సినిమా కొత్తగా మాట్లాడడం మొదలుపెట్టింది. పౌరాణిక కథలకు రాజభవనాలు, ఆశ్రమాలు, దుస్తులు, కిరీటాలు కావాలి. వాటి రూపం ఎలా ఉండాలో చెప్పగలవారు అరుదు. అనసూయ, ధ్రువ విజయం, మీరాబాయి చిత్రాలకు బాపిరాజు కళాదర్శకులుగా పనిచేశారు. ఈ అనుభవం ఆయన కోనంగి నవలలో ఉపయోగపడింది. అందులో నాయకుడు ఉద్యోగం కోసం తిరిగి తిరిగి సినిమా రంగంలోకి వెళతాడు.

1944లో హైదరాబాదు వెళ్లి మీజాన్ దినపత్రిక తెలుగు విభాగానికి సంపాదకులయ్యారు. మీజాన్ అంటే త్రాసు. ఆ పత్రిక ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడు భాషల్లో వెలువడేది. నిజాం పాలనలోని నగరంలో తెలుగు దినపత్రిక నడపడం సులువైన పని కాదు. రోజూ సాయంత్రానికి పేజీలు నిండాలి. నీటిరంగు ఆరేదాకా ఎదురుచూసే మనిషికి ఆ తొందర ఎలా ఉండేదో!

ఇక్కడ ఒక ప్రశ్నను మనం దాటవేయకూడదు. ప్లీడరీ, జాతీయ కళాశాల, సినిమాలు, పత్రిక, నవలలు, పాటలు. ఇన్ని పనుల మధ్య చిత్రకారుడు ఏమయ్యాడు? దామెర్ల రామారావులా ఒక్క కుంచెనే నమ్ముకుని ఉంటే తెలుగు చిత్రకళకు ఎక్కువ మేలు జరిగేదని అనేవారు ఉన్నారు. వారి వాదంలో బలం ఉంది. తిక్కన, సముద్రగుప్తుడు, శబ్దబ్రహ్మ, ఆనంద తాండవం వంటి చిత్రాలు ఆయనవి ప్రసిద్ధమైనవి. శబ్దబ్రహ్మ డెన్మార్కు దేశంలోని ప్రదర్శనశాలకు చేరిందని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. అయినా ఆయన నవలలు చదివిన పాఠకుల్లో ఆయన వేసిన ఒక్క బొమ్మనైనా చూసినవారు ఎంతమంది? నవల వెయ్యి ప్రతులు అచ్చవుతుంది, పోయిన ప్రతికి బదులు మరొకటి దొరుకుతుంది. నీటిరంగు చిత్రం ఒక్కటే ఉంటుంది. చెదపురుగు, చెమ్మ, ఎండ, ఇల్లు మారినప్పుడు బండిలో పడే దెబ్బ, ఇవన్నీ దాని శత్రువులు. చైనాలో పండిత చిత్రకారుల పనిని చుట్టలుగా చుట్టి, పెట్టెల్లో పెట్టి, ఒక యజమాని నుంచి మరొకరికి చేరినప్పుడల్లా ముద్ర వేసి తరాల తరబడి దాచారు. మన దగ్గర అటువంటి అలవాటు పెరగలేదు. కనుక చిత్రకారుడు బాపిరాజు మరుగున పడ్డాడంటే ఆ తప్పు మొత్తం ఆయనది కాదు. దాచుకోవలసినవారిది కూడా.

రెండో వైపు వాదం ఇది. ఆ కుంచె లేకపోతే ఆ నవలలు ఆ రంగులో ఉండేవి కావు. మీరు ఏ వైపు నిలబడతారో నవల చదివి నిర్ణయించుకోండి. నేను రెండో వైపే కొంచెం ఎక్కువ మొగ్గుతాను, కాని ప్రతిసారీ కాదు.

సిగిరియా

సింహళంలో, అంటే ఇప్పటి శ్రీలంకలో, సిగిరియా అనే పెద్ద బండరాతి కొండ ఉంది. అయిదో శతాబ్దంలో కాశ్యపుడనే రాజు దాని మీద కోట కట్టుకున్నాడు. కొండ పక్కన, నేలకు చాలా ఎత్తున, రాతి గూటిలో కుడ్యచిత్రాలు ఉన్నాయి. మబ్బుల్లోంచి నడుము వరకు కనిపిస్తున్న స్త్రీలు, వారి చేతుల్లో పూలు. గీత తీరులో అవి అజంతాకు చుట్టాలు.

1951లో మద్రాసు ప్రభుత్వం కోరిక మీద బాపిరాజు అక్కడికి వెళ్లి ఆ చిత్రాలకు ప్రతికృతులు వేశారు. ప్రతికృతి అంటే మూలాన్ని చూసి ఉన్నది ఉన్నట్టుగా వేసిన బొమ్మ. ఇది వినడానికి చిన్న పనిలా ఉంటుంది. పగిలిన సున్నం, వెలిసిన రంగు, సగం చెరిగిన వేలు, వీటిలో ఏదీ వదలకూడదు, ఏదీ కలపకూడదు. తన ఊహను పక్కన పెట్టి, పదిహేను వందల ఏళ్ల కిందటి చేయి ఎక్కడ తిరిగిందో తన చేయి అక్కడే తిరగాలి. వూ చాంగ్‌షువో రాతి శాసనాల మీద చేసిన సాధన కూడా ఇటువంటిదే. అప్పటికి బాపిరాజుకు 56వ ఏడు. కుర్రతనంలో గురువు వెంట వెళ్లి అజంతా గోడల ముందు నిలబడిన మనిషి, ముప్పై ఏళ్లు దాటాక, ఇన్ని ఉద్యోగాలూ తిరిగి, మళ్లీ అటువంటి గోడ ముందుకే వచ్చారు. ఈసారి చేతిలో కుంచె ఒక్కటే.

మరుసటి ఏడాది, 1952 సెప్టెంబరు 22వ తేదీన, ఆయన మరణించారు. 57 ఏళ్లు నిండడానికి ఇంకా 16 రోజులు ఉన్నాయి.

మీరు చేయవలసిన పని

మీ దగ్గరి గ్రంథాలయంలో బాపిరాజు నవల ఏదైనా ఒకటి అడిగి తీసుకోండి. మొత్తం చదవకపోయినా ఫరవాలేదు. ఒక మనిషినిగాని, గదినిగాని వర్ణించిన పేజీ ఒకటి వెతికి, అందులో ఎన్ని రంగుల పేర్లు వచ్చాయో, వెలుగు ఏ వైపు నుంచి పడుతోందో రాసుకోండి. తరువాత పిల్లల రంగుల పెట్టెలోంచి సన్నని కుంచె తీసుకుని, తెల్లకాగితం మీద బాపిరాజు అని పెద్ద అక్షరాలతో, దిద్దకుండా, ఒకే ప్రయత్నంలో రాయండి. కొమ్ము దగ్గర, గుడి దగ్గర చేయి ఎలా తిరిగిందో చూడండి. మీరు దాన్ని రాశారా, వేశారా? ఆ ప్రశ్నకు జవాబును నాలుగు వాక్యాల్లో రాసి, కాగితంతో పాటు తరువాతి సంపర్క తరగతికి తీసుకురండి. కదిర్కామం తరగతిలో ఇదే పని చేయించినప్పుడు మన బోర్డుల ఆయన రెండు కాగితాలు తెచ్చారు. ఒకటి తెలుగులో ఉంది, రెండోది తమిళంలో.